గుడ్లు రాకముందే షెడ్డు కడుగుతాం, మరి పిల్లల స్కాలర్‌షిప్‌కు?



ఈసారి పెద్ద వ్యాసం ఆకు గురించి కాదు, గూళ్ల ధర గురించీ కాదు. పన్నెండో తరగతి సైన్సులో మంచి మార్కులు తెచ్చుకున్న మన పిల్లల గురించి. డిగ్రీ చదువుకు వాళ్లకు ఏ స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి, దరఖాస్తు ఎట్లా పెట్టాలి, మనం ఎక్కడ పోగొట్టుకుంటున్నాం అని. పోగొట్టుకున్న సంగతే ముందు చెప్తాం. ఎందుకంటే అది మా ఇంట్లోనే జరిగింది.

ఈ పత్రిక నడిపే మేము నలుగురం. చింతామణి వైపు ఇద్దరం, హోసూరు వైపు ఇద్దరం. అందరం పురుగులు మేపేవాళ్లమే. మాలో ఒకరి పెద్దపాప పీయూసీ సైన్సులో కాలేజీకే మొదటగా వచ్చింది. బోర్డు మొత్తంలో పైన ఉండే ఒక శాతం పిల్లల్లో పడేటన్ని మార్కులు. ఫిజిక్స్, మ్యాథ్స్ తీసుకుని బీఎస్సీలో చేరింది. ఒకరోజు హాస్టల్ నుంచి ఫోను చేసి, "నాయనా, ఇన్‌స్పైర్ అని ఒక స్కాలర్‌షిప్ ఉందంట. ఏడాదికి ఎనభై వేలు. ఇంక ఆరు రోజులే గడువు" అనింది.

ఆ రోజు మా షెడ్డులో పురుగులు నాలుగో జ్వరం లేచి రెండో దినం. మీకు వేరే చెప్పాల్సిన పని లేదు. పంట మొత్తం మీద పురుగు తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఈ చివరి వారంలోనే తింటుంది. కోత, మోత, మేత తప్ప ఇంకో ఆలోచన ఉండదు. "పురుగులు చంద్రికల మీదికి ఎక్కించినాక వస్తాలే పాపా" అన్నాం.

పాప ఒక్కతే తిరిగింది. కాలేజీలో సంతకం పెట్టాల్సినవారు సెలవులో ఉన్నారు. పదో తరగతి కార్డులో ఉన్న పేరు ఒకటి, ఆధార్‌లో ఉన్న పేరు ఇంకొకటి. బ్యాంకు ఖాతా చిన్నప్పుడు తెరిచింది, వాళ్ల అమ్మ ఫోను నంబరుతో ఉంది, ఆ నంబరు ఎప్పుడో పోయింది. ఆరు రోజులు అట్లనే అయిపోయినాయి. "పోనీలే, వచ్చే ఏడు పెడదాం" అనుకున్నాం. తర్వాత తెలిసింది, ఈ స్కాలర్‌షిప్‌కు డిగ్రీ మొదటి ఏడాదిలోనే దరఖాస్తు పెట్టాలి. రెండో ఏడాదిలో పెట్టడానికి లేదు.

పాప మమ్మల్ని ఏమీ అనలేదు. ఆదివారం ఇంటికి వచ్చి, మేము పండిన పురుగులు ఏరుతుంటే పక్కన కూర్చుని తానూ ఏరింది. అదే మాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. తిట్టి ఉంటే బాగుండేది.

ఎంత పోయిందో మన లెక్కలో చూడండి. వంద గుడ్ల పంటకు అరవై కిలోల గూళ్లు దిగి, కిలో 500 పడిందనుకుంటే 30,000. అంటే ఏడాదికి అట్లాంటి రెండు పంటలకు మించిన డబ్బు, మూడేళ్లు వరసగా. అందులో కూలి ఖర్చు లేదు, మందు ఖర్చు లేదు, ఊజీ ఈగ భయం లేదు. పాపకు తెలివి తక్కువై పోలేదు అది. మార్కులు చాలకా పోలేదు. కాగితాలు సిద్ధంగా లేక పోయింది.

మనం గుడ్లు తెచ్చినాక షెడ్డు కడుగుతామా? కడగం. ముందే బ్లీచింగ్ కొట్టి, సున్నం చల్లి, తట్టలు, చంద్రికలు ఎండలో పెట్టి, అప్పుడు చాకీ పురుగులు తెస్తాం. స్కాలర్‌షిప్ కూడా అంతే. ప్రకటన వచ్చినాక కాగితాలు వెతికితే పంట పోయినట్టే.

ఏవి ఉన్నాయి, ఎవరికి

అన్నీ రాస్తే పత్రిక చాలదు. సైన్సు, గణితం, ఇంజనీరింగ్ చదివే మన పిల్లలకు బాగా పనికివచ్చేవి నాలుగు చెప్తాం.

మొదటిది ఇన్‌స్పైర్ షీ. కేంద్ర ప్రభుత్వ సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ ఇచ్చేది. 2008లో మొదలైన ఇన్‌స్పైర్ కార్యక్రమంలో ఇది ఒక భాగం. 'షీ' అని ఉంది కాబట్టి ఆడపిల్లలకే అనుకుని చాలామంది మగపిల్లలు వదిలేస్తున్నారు. అది తప్పు. 'స్కాలర్‌షిప్ ఫర్ హయ్యర్ ఎడ్యుకేషన్' అనే పేరును కుదించి అట్లా అంటారు. ఆడా మగా అందరికీ ఉంది. వయసు 17 నుంచి 22 లోపు ఉండాలి. ఆ ఏడాదే పన్నెండో తరగతి పాసై, తమ బోర్డులో పై ఒక శాతంలో ఉండాలి. లేదా జేఈఈ, నీట్ లాంటి పరీక్షల్లో మొదటి పది వేల ర్యాంకుల్లో ఉండాలి. దాంతోపాటు బీఎస్సీ, బీఎస్, లేదా ఐదేళ్ల ఎమ్మెస్సీలో మూల విజ్ఞాన శాస్త్రాలు చదువుతుండాలి. ఏడాదికి 80,000. అందులో 60,000 పిల్లల చేతికి. మిగిలిన 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త దగ్గర చేసే చిన్న ప్రాజెక్టుకు. దీనికి ఆదాయ పరిమితి లేదు.

ఇక్కడ మనవాళ్లకు ఒక ముఖ్యమైన మాట. ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, బాటనీ, జువాలజీ, స్టాటిస్టిక్స్, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ లాంటి 18 విషయాల జాబితా దీనికి ఉంది. అందులో సెరికల్చర్ లేదు. ఇంజనీరింగ్, మెడిసిన్, వ్యవసాయ డిగ్రీలూ దీని కిందకు రావు. మన పిల్లలు పట్టు చదువు మీద ఇష్టంతో చింతామణి సెరికల్చర్ కాలేజీలో చేరితే చాలా సంతోషం. కానీ ఈ డబ్బు వస్తుందని లెక్క వేసుకుని చేరవద్దు.

రెండోది సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. కేంద్ర విద్యాశాఖది. ఏటా కొత్తగా 82,000 మందికి ఇస్తారు. అందులో సగం ఆడపిల్లలకు. తమ బోర్డులో, తమ గ్రూపులో నూటికి ఎనభై మంది కంటే పైన మార్కులు ఉండాలి. ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. డిగ్రీ మూడేళ్లూ ఏడాదికి 12,000. బీటెక్ అయితే నాలుగో ఏడాది 20,000. ప్రతి ఏడాదీ రెన్యువల్ చేసుకోవాలి. దానికి 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటున్న వాళ్లకు ఇది ఇవ్వరు. కాబట్టి ఏది ఎక్కువ వస్తుందో ముందే చూసుకోండి.

మూడోది ప్రగతి. ఏఐసీటీఈ ఇచ్చేది. ఇది ఇంజనీరింగ్, డిప్లొమా లాంటి సాంకేతిక చదువుల్లో చేరిన ఆడపిల్లలకే. ఏడాదికి 50,000. ఇంటి ఆదాయం 8 లక్షలు మించకూడదు. ఒక ఇంట్లో ఇద్దరు ఆడపిల్లల వరకు ఇస్తారు. చేరిన కాలేజీకి ఏఐసీటీఈ గుర్తింపు ఉండాలి. అది సీటు తీసుకునేటప్పుడే అడగండి, తర్వాత కాదు.

నాలుగోది స్కాలర్‌షిప్ కాదు, చదువే అట్లా ఉంటుంది. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీ.స్టాట్, బీ.మ్యాథ్. బీ.మ్యాథ్ మన బెంగళూరులోనే ఉంది. ట్యూషన్ ఫీజు లేకుండా, పిల్లలకు నెలనెలా స్టైపెండ్ ఇచ్చి చదివించే చోటు. కానీ ప్రవేశ పరీక్ష గట్టిది. ఒక పేపరు టిక్కు పెట్టేది, ఇంకో పేపరు లెక్క మొత్తం చేసి చూపించేది. గైడులు బట్టీ పట్టిన వాళ్లకు రాదు, లెక్కతో పోట్లాడే అలవాటు ఉన్నవాళ్లకు వస్తుంది.

ఆ సంస్థ పేరు చెప్పినప్పుడు సి.ఆర్.రావు గారిని తలుచుకోకుండా ఉండలేం. మనలాంటి తెలుగు కుటుంబంలో, ఇప్పటి కర్ణాటకలోని హడగలిలో 1920లో పుట్టినారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి, ఉద్యోగం కోసం కలకత్తా పోతే ఆ ఉద్యోగం రాలేదు. అక్కడే ఈ ఇన్‌స్టిట్యూట్ గురించి తెలిసి 1941లో శిక్షణకు చేరినారు. తర్వాత ప్రపంచం మొత్తం చదువుకునే స్టాటిస్టిక్స్ ఆయన రాసినారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. చిన్నప్పుడు వాళ్ల అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేపి, దీపం వెలిగించి చదువుకు కూర్చోబెట్టేదట. మన ఇళ్లలో కూడా ఆ వేళకు దీపం వెలుగుతుంది, కాకపోతే పురుగుల మేతకు. ఆ వెలుతురులో ఒక మూల పిల్లలకూ చోటు ఉండాలి.

ఇంకో మాట. కేవీపీవై పరీక్ష రాయండి అని పాత మెసేజ్ ఇప్పటికీ గ్రూపుల్లో తిరుగుతూ ఉంది. ఆ పరీక్ష 2022లోనే ఆపేసినారు. దాన్ని ఫార్వర్డ్ చేయకండి.

కర్ణాటకలో ఉండేవాళ్లకు పోటీ లేని సాయం కూడా ఒకటి ఉంది. 2021లో మొదలైన రైత విద్యానిధి. రైతుల పిల్లలు బీఎస్సీలో ఉంటే అబ్బాయికి ఏడాదికి 5,000, అమ్మాయికి 5,500. ఇంజనీరింగ్ అయితే 10,000, 11,000 అని అప్పుడు పెట్టినారు. దీనికి తల్లిదండ్రుల ఫ్రూట్స్ ఐడీ కావాలి. సబ్సిడీ కోసం మనలో చాలామంది దగ్గర అది ఇప్పటికే ఉంటుంది.

సరిహద్దులో ఉండే మన చిక్కు

మన ఊళ్లలో ఇల్లు ఒక రాష్ట్రంలో, చదువు ఇంకో రాష్ట్రంలో ఉండటం మామూలే. శ్రీనివాసపురం పిల్లోడు మదనపల్లెలో ఇంటర్ చదువుతాడు. కుప్పం అమ్మాయి కేజీఎఫ్‌లో పీయూసీ చదువుతుంది. ఇట్లాంటప్పుడు రెండు సంగతులు గుర్తు పెట్టుకోండి.

మార్కులు చూసేది చదివిన బోర్డు లెక్కన. ఆంధ్ర ఇంటర్ బోర్డులో పై ఒక శాతానికి కావలసిన మార్కులు వేరే, కర్ణాటక పీయూసీకి వేరే, తమిళనాడు ప్లస్ టూకు వేరే, ఒడిశా, మహారాష్ట్ర బోర్డులకు వేరే. ఏ ఏడాదికి ఆ ఏడాది మారుతుంది. పక్కింటి పిల్లకు రాలేదు కాబట్టి మన పిల్లకూ రాదు అనుకోకండి. బోర్డు ఏదో, ఆ ఏడాది కటాఫ్ ఎంతో ఇన్‌స్పైర్ వెబ్‌సైట్‌లో చూసి నిర్ణయించుకోండి.

ఆదాయ పత్రం మాత్రం మనం కాపురం ఉండే రాష్ట్రంలోదే. కర్ణాటకలో నాడకచేరి, తమిళనాడులో ఇ-సేవై కేంద్రం, మహారాష్ట్రలో సేతు కేంద్రం, ఒడిశాలో తహసీల్ ఆఫీసు. కర్ణాటక పత్రం ఐదేళ్లు చెల్లుతుంది. తమిళనాడుది ఏడాదికే. పాతది ఉంది కదా అని ధైర్యంగా కూర్చుంటే గడువు రోజున తెలుస్తుంది అది చెల్లదని. పత్రం చేతికి వచ్చేదానికి రోజులు పడుతుంది కాబట్టి పరీక్షలు అయిపోయిన వారంలోనే అర్జీ పెట్టండి.

పేరు ఒకటే ఉండాలి

మా పాప దరఖాస్తు ఆగింది ముఖ్యంగా ఇక్కడే. మన పేర్లతో పెద్ద తంటా. పదో తరగతి కార్డులో పేరు ముందు, నాయన పేరులోని అక్షరం వెనక. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందు. బ్యాంకు పుస్తకంలో అక్షరమే లేదు. మనకు ముగ్గురూ ఒకటే పాప. కంప్యూటరుకు ముగ్గురూ వేరే వేరే మనుషులు.

పదో తరగతి కార్డును ఆధారంగా పెట్టుకోండి. దాన్ని మార్చడం చాలా కష్టం. మిగతావన్నీ దానికి సరిపోయేటట్టు మార్చుకోవాలి. ఆధార్‌లో పేరు జీవితం మొత్తం మీద రెండుసార్లే మార్చుకోనిస్తారు. కాబట్టి తొందరపడి తప్పు రాయించుకోకండి. అక్షరం ముందా వెనకా, మధ్యలో చుక్క ఉందా లేదా అన్నీ చూసి రాయించండి. ఈ పని పిల్లలు పదో తరగతి పాసైన ఎండాకాలంలోనే చేసేస్తే రెండేళ్లు నిశ్చింత.

బ్యాంకు సంగతి ఇంకొకటి. ఖాతాకు ఆధార్ నకలు ఇచ్చినాం కదా అనుకుంటాం. అది చాలదు. ప్రభుత్వ డబ్బు నేరుగా పడాలంటే ఆ ఖాతా ఆధార్‌తో సీడింగ్ అయి ఉండాలి. బ్యాంకుకు పోయి "డీబీటీకి సీడింగ్ చేయండి" అని అదే మాట చెప్పి అడగండి. ఖాతా పిల్లల పేరు మీదే ఉండాలి. ఫోను నంబరు పని చేసేది ఉండాలి. ఆ నంబరు నాలుగైదేళ్లు మార్చకూడదు.

దరఖాస్తు పెట్టినాక పని అయిపోలేదు

సెంట్రల్ సెక్టార్, ప్రగతి రెండూ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో పెట్టాలి. అందులో మొదట ఓటీఆర్ అని ఒక నంబరు తీసుకోవాలి. 14 అంకెలు ఉంటుంది. ఫోనులో ముఖం చూపించి ఆధార్‌తో సరిచూస్తారు. ఒక్కసారి వస్తే చదువు అయ్యేవరకు అదే నంబరు. ఇన్‌స్పైర్‌కు వేరే వెబ్‌సైట్ ఉంది. అక్కడ పది, పన్నెండో తరగతి మార్కుల కార్డులతో పాటు ప్రిన్సిపాల్ సంతకం చేసిన పత్రం కావాలి. అది వాళ్లు ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. కాలేజీ లెటర్‌హెడ్ మీద సొంతంగా రాయించుకుపోతే కుదరదు.

పోర్టల్‌లో మనం సబ్మిట్ నొక్కితే అది సగం పనే. తర్వాత కాలేజీవాళ్లు కంప్యూటరులో చూసి సరే అనాలి. ఆ పైన బోర్డో, రాష్ట్రమో చూడాలి. కాలేజీ గడువు లోపల సరే అనకపోతే ఎన్ని మార్కులున్నా దరఖాస్తు అక్కడే చచ్చిపోతుంది. అందుకని సబ్మిట్ చేసిన రెండో రోజే ప్రింటు తీసుకుని కాలేజీలో ఆ పని చూసేవారిని కలవాలి. వారానికి ఒకసారి స్టేటస్ చూడాలి. 'డిఫెక్ట్' అని వస్తే భయపడొద్దు. ఏదో తప్పుంది, సరిచేసి మళ్లీ పంపమని దాని అర్థం. చూడకుండా వదిలేస్తేనే నష్టం.

ఈ స్కాలర్‌షిప్‌లలో దేనికీ దరఖాస్తు ఫీజు లేదు. "నేను ఇప్పిస్తా, అయిదు వేలు ఇవ్వు" అని ఎవరైనా వస్తే, పెబ్రిన్ ఉన్న గుడ్లు అమ్మేవాడిని పంపినట్టే గడప బయటి నుంచే పంపేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి.

డబ్బు ఎప్పుడు వస్తుంది అని అడుగుతారు. ఎంపిక, పరిశీలన అన్నీ అయినాకే పడుతుంది. కాబట్టి మొదటి సెమిస్టరు ఫీజు, హాస్టలు డబ్బు మనమే చూసుకోవాలి. స్కాలర్‌షిప్ వస్తుందని నమ్మి వడ్డీకి తెచ్చి, నెల తిరిగేలోపు కట్టేస్తామని మాట ఇవ్వకండి.

షెడ్డులో చూసిందే రాయి

ఇప్పుడు మంచి మాట. మా పాపకు పోయిన తర్వాతి ఏడు, హోసూరు వైపు మాలో ఒకరి కొడుకు ప్లస్ టూలో మంచి మార్కులతో పాసయినాడు. ఫలితాలు వచ్చిన రోజే మా పాప ఫోను చేసింది. "పిన్నీ, తమ్ముడి పదో తరగతి కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ ఫోటో తీసి పంపించు" అనింది. పంపితే రెండు తప్పులు పట్టింది. సెలవుల్లోనే రెండూ సరిచేయించినాం. ప్రకటన వచ్చిన నాలుగో రోజుకు దరఖాస్తు అయిపోయింది. ఆ పిల్లోడికి ఇన్‌స్పైర్ వచ్చింది.

వేసవి ప్రాజెక్టు దగ్గర ఇంకో చిక్కు. ఒక శాస్త్రవేత్తకో, ప్రొఫెసరుకో మీ దగ్గర పని నేర్చుకుంటాను అని ఉత్తరం రాసి ఒప్పించుకోవాలి. మావాడు ఫోనులో ఎక్కడో చూసి నకలు రాసినాడు. చిన్నప్పటి నుంచి సైన్సు అంటే ప్రాణం, దేశానికి సేవ చేయాలని ఉంది అని. పది మందికి పంపితే ఒక్కరూ జవాబు ఇవ్వలేదు.

అక్క చదివి, "ఇందులో నువ్వు ఎక్కడున్నావురా? ఇంట్లో ఆ నోటుబుక్కు ఏమైంది?" అని అడిగింది. నోటుబుక్కు సంగతి మేమందరం మరిచిపోయినాం. వాడు ప్లస్ వన్‌లో ఉన్నప్పుడు రెండు పంటలకు షెడ్డులో తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లు చూసి పొద్దున, మధ్యాహ్నం, రాత్రి రాసి పెట్టినాడు. ఏ రోజు జ్వరానికి పోయినాయి, ఏ రోజు లేచినాయి అని కూడా పక్కన రాసినాడు. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీలు, తేమ 70 శాతం అని మనకు చెప్తారు కదా, మన రేకుల షెడ్డులో మధ్యాహ్నం ఎంత ఉందో చూద్దామని.

"సిగ్గుగా ఉంటుంది అక్కా, షెడ్డు గురించి రాస్తే పల్లెటూరోడు అనుకుంటారు" అన్నాడంట. "పల్లెటూరోడివే కదా. రాయి" అనింది పాప.

రాసినాడు. ఏం చూసినాడో, ఏ కాలమ్‌లో తప్పు రాసినాడో, ఏది అర్థం కాలేదో ఒక పేజీలో రాసినాడు. ఇంకో అయిదు మందికి పంపితే ఇద్దరు జవాబు ఇచ్చినారు. ఒకరి దగ్గర ఆ వేసవి పని చేసినాడు. ఆ అంకెలనే గ్రాఫులుగా గీసి, వేడికీ జ్వరం పట్టే సమయానికీ సంబంధం ఎట్లా చూడాలో నేర్చుకున్నాడు. పెద్ద పరిశోధన ఏమీ కాదు. కానీ వాడికి సొంతం.

మన షెడ్డు గురించి సిగ్గుపడాల్సిన పని ఏముంది? మనం కొనే గుడ్ల కార్డు మీద 'రోగం లేనివి' అని ఉండటానికి కారణం లూయీ పాశ్చర్. 1865లో ఫ్రాన్సులో పెబ్రిన్ తెగులు పట్టు రైతులను ముంచుతుంటే ఆయన వచ్చి చూసినాడు. తల్లి చిలుకను మైక్రోస్కోపు కింద పరీక్షించి మంచి గుడ్లు వేరు చేసే పద్ధతి పెట్టినాడు. ఈనాటికీ గుడ్ల కేంద్రాల్లో జరిగేది అదే. 1959లో జర్మనీ శాస్త్రవేత్త బ్యూటెనాంట్ ప్రపంచంలో మొదటిసారి ఒక పురుగు వాసన పదార్థాన్ని వేరు చేసింది కూడా మన పట్టు చిలుక నుంచే. ఆడ చిలుక మగ చిలుకను పిలిచే వాసన అది. దానికి అయిదు లక్షల ఆడ చిలుకలు పట్టినాయి. సైన్సు మన ఇంటికి కొత్త చుట్టం కాదు.

అందుకని మీ పిల్లలకు చెప్పండి. షెడ్డులో పని చేస్తే చదువు పాడవుతుందని కాదు. చూసింది రాసి పెట్టుకోమనండి. తేదీ వేసి రాయమనండి. అట్లాగని చివరి వారంలో పరీక్షలు పెట్టుకుని మోపులు మోయించకండి. అది మాకూ చెప్పుకుంటున్న మాటే.

పాప రాసిచ్చిన జాబితా

ఈ జాబితా మా పాపే రాసింది. ఫ్రిజ్ మీదో, షెడ్డు తలుపు మీదో అంటించుకోండి.

1. పదో తరగతి అయిన ఎండాకాలం: కార్డు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకటేనా చూడాలి. తేడా ఉంటే అప్పుడే మార్చుకోవాలి.

2. పన్నెండో తరగతి పరీక్షలు అయిన వారం: ఆదాయ పత్రానికి, కావలసినవాళ్లు కుల పత్రానికి అర్జీ పెట్టాలి.

3. ఫలితాలు వచ్చినాక: తమ బోర్డు కటాఫ్ చూడాలి. కాలేజీలో చేరేముందు ఆ కోర్సు ఏ స్కాలర్‌షిప్ కిందకు వస్తుందో అడగాలి.

4. కాలేజీలో చేరిన మొదటి వారం: స్కాలర్‌షిప్ పని చూసేవారు ఎవరో, ఏ గదిలో ఉంటారో తెలుసుకోవాలి. ఖాతా సీడింగ్ అయిందా చూడాలి. ఓటీఆర్ తీసుకోవాలి.

5. ప్రకటన వచ్చినాక: మొదటి వారంలోనే పెట్టాలి. చివరి రోజుల్లో వెబ్‌సైట్ నత్తనడక నడుస్తుంది.

6. పెట్టినాక: ప్రింటు కాలేజీలో చూపించాలి. వారానికి ఒకసారి స్టేటస్ చూడాలి.

7. వచ్చినాక: ఏటా మార్కుల కార్డు, రెన్యువల్ మరవకూడదు. చాలామందికి రెండో ఏడాది ఆగిపోయేది ఇక్కడే.

జాబితా కింద పాప ఇంకో వాక్యం రాసింది: "ఎనిమిదోది నాయనకు. ఆ వారంలో పంట ఉంటే పక్కింటి చిన్నాయనను పంపించు, నువ్వు రాకపోయినా ఏమీ కాదు." దాన్ని తీసేద్దామా అనుకున్నాం. ఉండనీ అని ఉంచినాం. ఎందుకంటే అది మన అందరికీ పనికివచ్చే మాట. మేతకు ఆకు చాలనప్పుడు పక్క తోటలో అడిగి తెచ్చుకుంటాం కదా. పిల్లల కాగితాలకూ అట్లానే ఒకరికొకరు పోదాం. ఎవరి షెడ్డు ఖాళీగా ఉంటే వాళ్లు ఆ రోజు ఆఫీసుకు పోయి రావచ్చు.

ఈ ఏడు పన్నెండో తరగతి రాస్తున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే, బోర్డు పేరు, గ్రూపు మాత్రం ఈ పత్రికకు జవాబుగా పంపండి. ఆధార్ ఫోటోలు, మార్కుల కార్డులు గ్రూపులో పెట్టకండి. ప్రకటన వచ్చిన రోజే మీకు విడిగా కబురు చేస్తాం. రాయడం, ఫోను వాడటం రాని అక్కలు వాయిస్ మెసేజ్ పెట్టినా చాలు.

వచ్చే నెల ఎప్పటిలా ఆకు, తెగులు, ధరలు. అందరి పంటలూ బాగా పండాలి.